దుమ్ము వెనక దీపం

చీమకుర్తి

ప్రియమైన వాసూ,

మొన్న ఒంగోలు నుంచి వస్తుంటే దారిలోనే చీకటి పడింది. రాళ్ల లారీలు వరుసగా ఎదురొస్తున్నాయి, రోడ్డంతా దుమ్ము. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని, దీపం వెలుతురును బట్టి లారీ ఎంత దూరంలో ఉందో పందెం కట్టేవాళ్లం, గుర్తుందా? దుమ్ము లేచిన రోజున నువ్వు తప్పకుండా ఓడిపోయేవాడివి. దీపం మసకగా ఉంది కదా, ఇంకా చాలా దూరం అనేవాడివి. అంతలోనే లారీ మన ముందుండేది.

గెలాక్సీల దూరాలు కొలిచేవాళ్లకూ ఇదే చిక్కు. వాళ్లు నమ్ముకున్న దీపం 1ఏ రకం సూపర్‌నోవా, అంటే జంటలో ఉన్న శ్వేత కుబ్జ తార (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన తార) పేలిపోవడం. ఎక్కడ పేలినా వెలుగు దాదాపు ఒకటే కాబట్టి, ఎంత మసకగా కనిపిస్తే అంత దూరం. విశ్వ విస్తరణ వేగం పుంజుకుంటోందని 1998లో తెలిసింది వీటివల్లే. కానీ మధ్యలో దుమ్ముంటే? 2014 జనవరిలో ఎం82 గెలాక్సీలో, సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఒకటి పేలింది. దాని వెలుగులో ఎక్కువ భాగాన్ని ఆ గెలాక్సీ దుమ్మే మింగేసింది.

అక్కడే పరారుణ కాంతి, అంటే ఎరుపుకు అవతల కంటికి కనిపించని కాంతి, ఆదుకుంటుంది. దాని తరంగాలు పొడవు, ఆ సన్నని దుమ్ము వాటిని అంతగా ఆపలేదు. పైగా ఆ కాంతిలో చూస్తే ఈ పేలుళ్ల వెలుగులు ఒకదానికొకటి ఇంకా దగ్గరగా ఉంటాయి. నాకు మరీ నచ్చింది ఇంకొకటుంది: వెలుగు తగ్గుముఖం పట్టాక, మూడు నాలుగు వారాలకు పరారుణంలో మళ్లీ పెరుగుతుంది! చల్లారుతున్న ఇనుము కాంతిని అటువైపు మళ్లిస్తుందట. రోజురోజుకీ వెలుగు ఎలా మారిందో చూపే ఆ వంపు గీత చూసి ఆ రాత్రి చాలాసేపు మేలుకునే ఉన్నాను.

ఇది మన కొత్తపట్నం తీరంలో కుదిరే పని కాదు. గాలిలోని తేమ ఈ కాంతిని పీల్చేస్తుంది. అందుకే రాజస్థాన్‌లోని ఆబూ కొండ మీద నుంచి ఆ 2014 పేలుడును పరారుణంలో గమనించారు. లద్దాఖ్‌లోని హాన్లేలో అయితే 4,500 మీటర్ల ఎత్తున టెలిస్కోపు పెట్టారు.

ఇప్పుడు అసలు సంగతి. సూపర్‌నోవాలతో కొలిస్తే విస్తరణ రేటు ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు 73 కిలోమీటర్లు. తొలి విశ్వపు కాంతిని బట్టి కడితే 67. తేడా దుమ్ముదేమో అనుకున్నాను. సెఫీడ్ తారల (క్రమం తప్పకుండా వెలుగు పెరిగి తగ్గే, దూరం కొలవడానికి పనికొచ్చే తారలు) ఆసరాతో సూపర్‌నోవాలను పరారుణంలో కొలిచినా 73 చుట్టుపక్కలే వచ్చింది! నింద దుమ్ము మీద వేయడానికి వీల్లేదు వాసూ. మరి లెక్క తప్పిందెక్కడో?

ఫాల్గుణంలో రా. సప్తర్షి మండలం పక్కన ఎం82ను నా బైనాక్యులర్‌లో చూపిస్తాను. మన గట్టు ఇంకా అలాగే ఉంది.

నీ
రవి