కరెంటుకు లెక్క ఉంది, మురుగుకేదీ?

సంపాదకులు గారికి నమస్కారం.

మాది హైదరాబాద్ పడమటి శివారు, ఔటర్ రింగ్ రోడ్డుకు ఇవతల చిన్న కాలనీ. 150 గజాల ఇళ్లు, 30 అడుగుల రోడ్డు. మా వెనుక గుట్టను తొలిచి ఐదు టవర్లు కడుతున్నారు. ఒక్కోటి 35 అంతస్తులని బ్రోచర్‌లో చూసి తెలుసుకున్నాం తప్ప, మాకెవరూ చెప్పలేదు.

సెల్లార్ల కోసం నాలుగంతస్తుల లోతు గొయ్యి తీశారు. అంతా రాయి. పొద్దంతా డ్రిల్లింగ్, సాయంత్రం సైరన్ కూసి బ్లాస్టింగ్. వంటింట్లో గిన్నెల స్టాండు గలగలలాడుతుంది. పక్కింటి గోడకు స్విచ్‌బోర్డు దగ్గర మొదలై స్లాబు దాకా బీట పడింది. సైటు ఇంజనీరును పిలిచి చూపిస్తే, "పాత ఇల్లు కదండీ, ముందే ఉండి ఉంటుంది" అన్నాడు. లేదని రుజువు ఎక్కడి నుంచి తేవాలి? బీట లేని గోడకు ఎవరైనా ఫొటో తీసి దాచుకుంటారా?

నీళ్ల బాధ ఇంకా పెద్దది. గొయ్యిలో ఊరే నీటిని రాత్రింబవళ్లు మోటార్లతో తోడి వాన కాలువలోకి వదులుతున్నారు. ఆ కాలువ గట్టునే బిందెలు పెట్టుకుని మేం ట్యాంకర్ కోసం చూస్తుంటాం. మా లైనులో బోర్లు ఒకదాని వెనుక ఒకటి ఎండిపోయాయి. మన రాతినేలలో నీళ్లుండేదే పగుళ్లలో. వాటికి అడ్డంగా అంత లోతు తవ్వితే చుట్టుపక్కల నీరంతా అటే జారుతుంది. బోరు లారీ మీద పనిచేసే కుర్రాణ్ని అడిగినా ఈ మాట చెబుతాడు.

నేను విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. ఇలాంటి టవర్లకు కరెంటు కావాలంటే లోడు ఎంతో ముందే రాసివ్వాలి. ఎస్టిమేట్ వేసి డబ్బు కట్టించుకుంటారు. ట్రాన్స్‌ఫార్మర్లకు, అవసరమైతే సబ్‌స్టేషన్‌కూ జాగా చూపించమంటారు. పక్క కాలనీకి కరెంటు తెచ్చే ఫీడరు లైనుకే తగిలిస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు గనుక ఆ జాగ్రత్త. మరి మురుగు సంగతి? మా వీధి పైపు 8 అంగుళాలు. గట్టి వాన పడితే ఇప్పటికే మ్యాన్‌హోల్ మూత లేస్తోంది. మురుగును శుద్ధి చేసే ప్లాంటు (ఎస్టీపీ) కడతామంటున్నారు, మంచిదే. కానీ శుద్ధి చేసిన నీళ్లన్నీ ఫ్లష్‌లకూ మొక్కలకూ ఖర్చు కావు. మిగిలినవి ఎటు పోతాయంటే జవాబు లేదు.

చట్టం చూద్దామా అంటే అదీ అంతే. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం 20 వేల చదరపు మీటర్లు, ఆపైన నిర్మాణానికి అనుమతి తప్పనిసరి. అయితే భవనాలకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని అందులోనే మినహాయించారు. సిమెంటు ఫ్యాక్టరీ వస్తే షామియానా వేసి ఊరి మాట వింటారు. ఇక్కడ ఒక ఊరే వచ్చి పక్కన దిగుతుంటే మమ్మల్ని అడిగే దిక్కు లేదు. స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని కూడా హైదరాబాద్‌లో 2006లోనే ఎత్తేశారు. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, రెరా ఉంది కదా అంటారు. అది ఫ్లాట్ కొన్నవాళ్ల కోసం పుట్టిన చట్టం, పక్కింటివాళ్ల కోసం కాదు.

మేం అపార్ట్‌మెంట్లకు వ్యతిరేకం కాదు. మా అమ్మాయి కుటుంబం పదకొండో అంతస్తులోనే ఉంటోంది. మాతో లొల్లి పెట్టుకునే ఓపిక బిల్డర్‌కు ఎంత ఉందో గానీ, మాకైతే లేదు. అర్జీ ఇస్తే ఆఫీసులో రసీదు కూడా ఇవ్వలేదు, అందుకే మీకు రాస్తున్నాను.

బ్లాస్టింగ్‌కు ముందు చుట్టూ ఉన్న ఇళ్ల గోడలను అధికారుల ఎదుట ఫొటోలు తీయించాలి. మా వరకు ఆలస్యమైంది, గుట్టకు అవతలి కాలనీకైనా ఆ మేలు జరగాలి. తోడిన నీటిని కాలువ పాలు చేయకుండా ఇంకుడు గుంతల్లోకి మళ్లించాలి. టవర్ల మురుగు ఏ లైనులో కలుస్తుందో, ఆ లైను ఎంత మోయగలదో తెలుగులో రాసి సైటు గేటుకు బోర్డు కట్టాలి. ఆ లెక్క తేలే వరకు కొత్త స్లాబు వేయనివ్వకూడదు.

– ఒక విశ్రాంత లైన్‌మన్, హైదరాబాద్