మా కత్తుల గ్యారంటీలో ఈ ఉగాది నుంచి వచ్చే మార్పులు

మామిడికాయలు మార్కెట్లోకి దిగకముందే ఈ సంగతి చెప్పేయాలని రాస్తున్నా. ఊరగాయల కాలం మొదలైతే చిత్తూరులో మా అంగడి ముందు నిలబడి మాట్లాడే తీరిక మీకూ ఉండదు, మాకూ ఉండదు.

"ఫారిన్ కంపెనీలు జీవితాంతం గ్యారంటీ ఇస్తాయి కదన్నా, మీరెందుకు ఇవ్వరు?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో బక్ అనే కత్తుల కంపెనీ తన గ్యారంటీకి 'ఫరెవర్' (ఎప్పటికీ) అని పేరు పెట్టుకుంది. అక్కడే ఉన్న ఇంకో కత్తుల కంపెనీ బెంచ్‌మేడ్ వాళ్లకు వాళ్ల కత్తిని పంపితే పదును పెట్టి తిరిగి పంపుతారు. అక్కడ కొన్నవాళ్లు ఇంకో కంపెనీ వైపు చూడకపోవడానికి ఇదొక పెద్ద కారణం. కానీ షరతులు కూడా చదవాలి. ఉక్కులోనో పనితనంలోనో లోపం ఉంటేనే ఆ గ్యారంటీ. కత్తితో డబ్బా మూత పెకలిస్తే ఎవరూ పూచీ పడరు.

స్విట్జర్లాండ్ కత్తుల కంపెనీ విక్టోరినాక్స్ 1884 నుంచి ఉంది కాబట్టి 'జీవితాంతం' అంటే నమ్ముతాం. నా సంగతి వేరు. మా అబ్బాయికి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నా తర్వాత ఈ కొలిమి దగ్గర ఎవరు కూర్చుంటారో నాకే తెలియదు. కత్తి, పట్టకారు కలిపిన పనిముట్లు చేసే లెదర్‌మన్ కంపెనీ 25 ఏళ్లని అంకె వేసి చెబుతుంది, నాకు ఆ పద్ధతి నచ్చింది. నేను నిలబడగలిగిన అంకె 10. కత్తిపీట, ఊరగాయ కత్తి, మచ్చుకత్తి, ఏదైనా సరే, మా లోపం వల్ల 10 ఏళ్లలోపు అలుగు (కోసే ఉక్కు భాగం) విరిగినా చీలినా కొత్తది ఇస్తాం. బిల్లు అక్కర్లేదు, అలుగు మీద మా ముద్ర కనిపిస్తే చాలు. పిడి వదులైతే ఎన్నేళ్లయినా బిగించి ఇస్తాం.

లోపం ఎవరిదో మీ ఎదుటే తేలుస్తాం. విరిగినచోటు వెలుతురులో పెట్టి చూస్తే, ఒక మూల నల్లగా మాడినట్టు ఉందనుకోండి, ఆ చీలిక మేం కాల్చి నీళ్లలో ముంచినప్పుడే పుట్టిందని అర్థం. తర్వాత మళ్లీ వేడి చూపినప్పుడు లోపలికి ఆ నలుపు పట్టింది. తప్పు మాదే, మారు మాట్లాడం. విరుపంతా బూడిదరంగులో ఒకే తీరుగా మెరుస్తుంటే అది కొత్తగా విరిగింది. అప్పుడు కూడా వెంటనే మీ మీదకు నెట్టం, ఆకురాయితో గీసి చూస్తాం. ఆకురాయి పట్టకుండా జారిపోతే అలుగు మరీ గట్టిపడింది, అదీ మా లెక్కలోకే వస్తుంది. ఆకురాయి సరిగ్గా పడితే మాత్రం కూరగాయల కత్తితో టెంకాయ కొట్టారనే అనుకోవాలి.

అంచు పొడవునా నీలం చార ఉంటే గ్యారంటీ లేదు. నీళ్లు తగలకుండా గ్రైండర్ మీద పట్టి ఉంచితే అంచు 300 డిగ్రీల దాకా వేడెక్కి మెత్తబడుతుంది. ఇక ఎంత సానపట్టినా పదును నిలవదు. మళ్లీ కాల్చి సరిచేస్తాం గానీ దానికి డబ్బులు తీసుకుంటాం.

మామిడికాయ, చింతపండు, నిమ్మకాయ తగిలి అలుగు నల్లబడటం లోపం కాదు. స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి. మాది మామూలు కార్బన్ ఉక్కు. తడి తుడిచి కాస్త నూనె రాయండి చాలు.

ఇక పదును సంగతి. ఇళ్లవాళ్లకు ఎప్పటిలాగే ఉచితం. హోటళ్లకు, మటన్ అంగళ్లకు మాత్రం ఇకపై మొదటి ఏడాది వరకే. వాళ్ల కత్తులు వారం వారం వస్తాయి, ఇంటి కత్తులు ఏడాదికి ఒకటి రెండుసార్లు. ఉచితమనేది ఎక్కడి నుంచో ఊడిపడదు కదా, ఆ ఖర్చు కత్తి ధరలోనే ఉంది. సంతలో దొరికే కత్తిపీట కంటే మాది ఎక్కువ ధర ఉండేది అందుకే. హోటళ్ల ఖర్చు ఇళ్లవాళ్ల నెత్తిన వేయడం నాకు ఇష్టం లేదు. కొందరు హోటల్ అన్నలకు కోపం వచ్చింది, ఇద్దరు ముగ్గురు వెళ్లిపోవచ్చు కూడా.

ఊరగాయలు పెట్టి అమ్మే ఒకావిడ ఆన్‌లైన్‌లో ఖరీదైన కత్తి కొన్నారు. పిడి పగిలితే కంపెనీవాళ్లు ముందు ఫొటో అన్నారు, తర్వాత బిల్లు, చివరికి కత్తి వచ్చిన అట్టపెట్టె కూడా అడిగారట. "డబ్బులు పోతే పోనీ నాయనా, ఫోన్ ఎత్తే మనిషన్నా ఉండాలి గదా" అంటూ మా దగ్గరికి వచ్చారు. అందుకే ఈసారి డబ్బు పెట్టి అంగట్లో ఫోన్ కోసమే ఒక అమ్మాయిని పనిలో పెట్టాం. ఆ జీతం వల్ల కొత్త కత్తుల ధర కొంచెం పెరుగుతుంది.

తిరుపతివాళ్లు ఇంతదూరం రానక్కర్లేదు. అక్కడ మా బావమరిది అంగట్లో ఇస్తే గురువారం వ్యాన్‌లో ఇక్కడికి చేరతాయి. కొరియర్‌లో పంపేవాళ్లు అలుగుకు మందపాటి అట్ట చుట్టి తాడుతో కట్టండి. పంపే ఖర్చు మీది, తిరిగి పంపేది మాది. గంగజాతర రోజుల్లో మాత్రం అంగడి మూసి ఉంటుంది, ఊరగాయ కత్తులు అంతకుముందే ఇచ్చేయండి.