'క్యాష్డ్ పేజీ' పేరుతో వేసిన రుసుముపై ఫిర్యాదు

హైదరాబాద్

మేనేజర్ గారికి,
డిజిటల్ మార్కెటింగ్ సంస్థ, మాదాపూర్.

విషయం: 'క్యాష్డ్ పేజీ నవీకరణ' రుసుము వాపసు, మా వెబ్‌సైటులో మిగిల్చిన నోఇండెక్స్ ట్యాగు (పేజీని సూచికలో చేర్చవద్దని గూగుల్‌కు చెప్పే గుర్తు) గురించి.

అయ్యా,

పత్తర్‌గట్టిలోని మా ముత్యాల దుకాణం వెబ్‌సైటును మీరు కొత్తగా తయారుచేసినప్పటి నుంచి, నెలనెలా బిల్లులో 'క్యాష్డ్ పేజీ నవీకరణ' కింద 4,500 రూపాయలు వేస్తున్నారు. క్యాష్డ్ పేజీ, అంటే గూగుల్ దాచుకున్న మా పేజీ నకలు, ఎంత తాజాగా ఉంటే ఫలితాల్లో మేము అంత పైన ఉంటామని మీ ప్రతినిధి చెప్పిన మాట.

ఆ నకలు చూపించే లింకును గూగుల్ 2024 ఆరంభంలోనే తీసేసింది. పేజీలు సరిగా తెరుచుకోని రోజుల్లో జనానికి ఆసరాగా పెట్టామని, ఇప్పుడు ఆ అవసరం తీరిందని గూగుల్ తరఫున డానీ సులివన్ బాహాటంగానే ప్రకటించారు. చిరునామా ముందు 'క్యాష్' అని టైపు చేసి చూసే దారి కూడా అదే ఏడాది సెప్టెంబరులో మూతపడింది. మరి పోయిన నెల మీరు నవీకరించింది దేనిని? నివేదికకు జతచేసిన బొమ్మలు చూస్తే అవి పాత వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్‌వి. దాన్ని నడిపేది ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే లాభాపేక్ష లేని సంస్థ. అందులో మా పేజీ ఏ తేదీన చేరితే గూగుల్‌కేమిటి?

ఆ లింకు ఉన్న రోజుల్లోనైనా మీ వాదన నిలవదు. గూగుల్ బాట్ అనే ప్రోగ్రాము పేజీని చదువుతుంది, అందులోని విషయాన్ని సూచికలో చేర్చుకుంటుంది. ఎవరైనా వెతికినప్పుడు వరుస తేలేది ఆ సూచిక నుంచే. నకలు చూపడం పక్కన ఇచ్చిన సదుపాయం మాత్రమే. నోఆర్కైవ్ ట్యాగు పెట్టి నకలు చూపనివ్వని వార్తా సంస్థలు ఎన్నో ఉండేవి, అయినా ఫలితాల్లో పైనే కనిపించేవి. పెళ్లి ఆల్బమ్‌కు కొత్త అట్ట వేయిస్తే కాపురం చక్కబడుతుందన్నట్టుంది మీ వ్యవహారం.

అసలు జబ్బు వేరే ఉంది. సైటు గూగుల్‌లో ఎలా ఉందో యజమానులకు చూపే సెర్చ్ కన్సోల్‌లో మా మేనల్లుడు పరిశీలిస్తే, నోఇండెక్స్ ట్యాగు ఉన్నందువల్ల హారాల పేజీలేవీ సూచికలో లేవని తేలింది. సైటు తయారవుతున్నప్పుడు బయటకు కనిపించకూడదని మీవాళ్లు పెట్టి, తర్వాత అలాగే వదిలేసిన ట్యాగు అది. అది ఉన్నంతకాలం ఆ పేజీలు గూగుల్ ఫలితాల్లోకి రావు, ర్యాంకు మాట తర్వాత. పెళ్లిళ్ల సీజనంతా అలాగే గడిచిపోయింది. కారణం అడిగిన ప్రతిసారీ "క్యాష్ రావాలండీ" అనే జవాబు మాత్రం తప్పకుండా వచ్చింది!

కాబట్టి ఆ ట్యాగును వెంటనే తొలగించండి. సెర్చ్ కన్సోల్‌లో నాకు చూసే హక్కు మాత్రమే ఇచ్చారు. పేజీలను మళ్లీ చదవమని గూగుల్‌ను కోరాలన్నా మీ దయ కావాలి. సైటు నాది గనుక యజమాని హక్కు నా ఖాతాకు మార్చండి. ఈ పద్దు కింద ఇప్పటివరకు తీసుకున్న మొత్తం వాపసు చేయండి. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి, ఫోనులో వద్దు. అంతవరకు ఈ నెల బిల్లు చెల్లించను.

ఇట్లు,
ముత్యాల దుకాణం యజమాని,
పత్తర్‌గట్టి, హైదరాబాద్.