మాను దొరికిందిరా!

కదిరి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఆలస్యానికి నువ్వు ఎన్ని తిట్లు తిట్టినా పడతాను. ఇంట్లో అందరూ కులాసా. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, చిన్నదాని పరీక్షలు అయిపోయాయి. ఇక అసలు సంగతికి వస్తా. ఇది నీకు చెప్పకపోతే నాకు ఈ రాత్రి నిద్ర పట్టదు.

తిమ్మమ్మ మర్రిమానును గీశాను! సాఫ్ట్ పేస్టెల్స్‌తో! అవేలే, మెత్తటి రంగు సుద్దముక్కలు. కాగితం మీద ఆ చెట్టు మానులాగే నిలబడిందిరా.

మనం టెన్త్‌లో పోయినప్పుడు లోపలికి వెళ్లగానే నువ్వు ఏమన్నావు? "ఇది చెట్టు కాదు, ఊరు." (ఆ రోజు చెప్పుల సంగతి ఎత్తను, ఒట్టు.) నిజమే కదా. దాదాపు ఐదెకరాలు, వెయ్యికి పైగా ఊడలు. 1989లో గిన్నిస్ బుక్కుకెక్కింది. ఎక్కడ నిలబడినా దాని లోపలే ఉంటాం, చెట్టు మొత్తంగా కంటికి దొరకదు. దొరకనిదాన్ని గీయడం ఎట్లా?

రెండు ఆదివారాలు అట్లాగే పోయాయి. పెట్టెలో ఉన్న ఆకుపచ్చ ముక్క తీసి రుద్దేశాను, నీడలకు నలుపు పూశాను. ఆకులేమో ప్లాస్టిక్ తోరణంలా వచ్చాయి, నలుపు తగిలిన చోటల్లా బురదే. పోయిన వారం బస్సులో కూర్చుంటే ఏడుపొచ్చింది. ఎన్నేళ్లుగా అనుకుంటున్న పనో నీకు తెలుసు.

ఇవాళ ఏడింటికల్లా తిమ్మమ్మ గుడి పక్కన కూర్చున్నా. హార్డ్‌వేర్ షాపులో కొన్న 400 నంబరు ఎమరీ పేపరును బోర్డుకు క్లిప్పులు పెట్టి బిగించా. గరుకు కాగితం అయితే రంగు పొడిని బాగా పట్టుకుంటుంది, పొర మీద పొర వేసినా జారదు. ఆకుపచ్చ ముట్టుకోకూడదని ముందే గట్టిగా అనుకున్నా. కళ్లు సగం మూసి చూశా. ఆకులు పోయాయి, ఊడలు పోయాయి, పెద్ద పెద్ద చీకటి ముద్దలు మిగిలాయి. ఆ చీకటి నలుపు కాదు బావా! వంకాయ రంగు! అక్కడక్కడా ముదురు నీలం, నేల దగ్గర కాలిన ఇటుక రంగు. ముక్కను పడుకోబెట్టి పక్కవాటున లాగి ఆ ముద్దలన్నీ ముందు వేసేశా. వాటి మీద ముదురు ఆకుపచ్చ, ఆ పైన ఎండ పడే చోట మాత్రం పసుపు. వేలితో రుద్దలేదు. గరుకు సందుల్లోంచి కింది వంకాయ రంగు తొంగిచూస్తుంటే అదే ఆకుల గుబురైపోయింది.

ఇక ఊడలు. నీ వాటర్ కలర్ అయితే వాటి కోసం తెల్ల కాగితం ముందే ఖాళీగా వదిలిపెట్టాలి. ఇక్కడ ఆ చీకటి మీదే లేత బూడిద ముక్క అంచుతో పైనుంచి కిందికి ఒక్కసారి లాగితే ఊడ దిగిపోతుంది. చెయ్యి వణికినా పర్లేదు, ఊడలు మాత్రం తిన్నగా ఉంటాయా ఏంటి!

అంతా అయ్యాక కొమ్మల సందుల్లో ఆకాశం పెట్టా. అక్కడ మళ్లీ టెన్షన్. బయట వేసిన నీలమే లోపలా పెడితే చెట్టు మీద చిన్న చిన్న కాగితం ముక్కలు అతికించినట్టుంది. చాలాసేపు చూశా. సందు చిన్నదయ్యే కొద్దీ అందులోని ఆకాశం కాస్త మసకగా కనిపిస్తోంది, చుట్టూ ఉన్న ఆకులు వెలుగును తినేస్తున్నట్టు. ఒక మెట్టు ముదురు నీలం తీసుకొని చుక్కలు పెట్టా. అంతే. చెట్టులోకి గాలి వచ్చింది. నువ్వు పక్కన ఉంటే ఎంత బాగుండేదో, నిజంగా.

బోర్డు కింది అంచున పొడి పేరుకుంది. వంకాయ, పచ్చ, పసుపు కలిసి అది కూడా ఎంత బాగుందో. నోటితో ఊదకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బోర్డు ముందుకు వంచి వెనక తడితే రాలిపోతుంది. పొడి రాలకుండా కొట్టే స్ప్రే, ఫిక్సెటివ్, కొట్టలేదు. పోయినసారి కొడితే పసుపు వెలుగంతా ముదురెక్కింది. బటర్ పేపర్ పరిచి, రెండు బోర్డుల మధ్య పెట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చా. సీటు దొరికింది, దేవుడున్నాడు.

సుద్దముక్కలతో బొమ్మేంటి అన్నావు కదా నువ్వు? ఫ్రెంచి చిత్రకారుడు షార్డిన్ ముసలితనంలో కళ్లకు ఆయిల్ రంగులు పడక పేస్టెల్‌కు మారాడు. 1775లో అట్లా గీసుకున్న తన బొమ్మ ఇప్పటికీ పారిస్ మ్యూజియం లూవ్ర్‌లో ఉంది. ఇప్పుడు చెప్పు!

నీకోసం రెండు ఎమరీ పేపర్లు దాచా. దసరాకు రా, ఇద్దరం పోదాం. గుడి వెనక నేలను తాకబోతున్న లేత ఊడలు ఉన్నాయి, కొసలు ఒకరకం రంగు, అదేంటంటే... చిన్నది లైటు ఆర్పమని గోల చేస్తోంది. రేపు రాస్తా.

నీ
బావ