ఏ వరసన వెళ్తావన్నాను

అమ్మలూ,

సి షిఫ్ట్ దిగి ఇంటికొచ్చేసరికి నువ్వు కాలేజీ బస్సెక్కేశావు. టిఫిన్ బాక్స్ మళ్ళీ ఇంట్లోనే వదిలేసి వెళ్ళావని అమ్మ చూపించింది. పడుకున్నాను కానీ నిద్ర పట్టలేదు. ఎదురుగా కూర్చుని చెబుదామంటే నాకు మాట పెగలదు, నువ్వేమో గదిలోకి వెళ్ళిపోతావు. అందుకే రాస్తున్నాను. చదివాక దాచుకున్నా సరే, చింపేసినా సరే.

ముందు ఆ రోజు సంగతి. దసరా సెలవుల్లో మధ్యాహ్నం నీకు ఫోన్ వచ్చింది. నలుగురు అబ్బాయిలు అప్పికొండ బీచ్‌కి వెళ్తే ముగ్గురే ఒడ్డుకొచ్చారని. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని హాల్లో నిలబడిపోయావు. కాసేపటికి గుమ్మం దగ్గరకొచ్చి చెప్పులేసుకున్నావు. ఎడమకాలి చెప్పు కుడికాలికి దూర్చి, అదెందుకు పట్టడంలేదో తెలియక నేలకేసి తోస్తూ, "నాన్నా, ఒక్కసారి చూసొస్తాను" అన్నావు. నేను అడ్డం నిలబడ్డాను. "ఏ వరసన వెళ్తావే? వాళ్ళింట్లో ఎవరైనా అడిగితే ఏం చెప్తావు?" అన్నాను. నువ్వు మారు మాట్లాడలేదు. చెప్పులు విప్పేసి లోపలికెళ్ళిపోయావు.

ఆ మాట అన్నందుకు నన్ను క్షమించు తల్లీ. అప్పటికైతే నీ మంచికే అనుకున్నాను. స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్‌లో ఒక సెక్టార్‌లో మాట సాయంత్రానికి ఇంకో సెక్టార్‌కి చేరిపోతుంది, ఆడపిల్ల పేరు నలుగురి నోళ్ళలో పడుతుందని భయపడ్డాను. ఆ భయంలో నీ మొహం చూడలేదు. నీకు ఇష్టమైనవాడు ఒకడున్నాడన్న సంగతీ, వాడు ఇక లేడన్న సంగతీ నాకు ఒకే నిమిషంలో తెలిశాయి. ముందే తెలిసుంటే కోప్పడేవాణ్ణే, అబద్ధం చెప్పను. ఇంటర్ సెకండియర్ అనీ, నీట్ అనీ గంటసేపు క్లాసు పీకేవాణ్ణి. ఆ కోపం పడే అవకాశం కూడా మన ముగ్గురికీ లేకపోయింది.

మా నాన్న పోయినప్పుడు నాకు నీ వయసే, 17. నాచేత కుండ పట్టించారు, గుండు గీయించారు. తెల్లారకముందే చెరువు దగ్గర స్నానం, పిండాలు, వచ్చేపోయేవాళ్ళు. వచ్చిన ప్రతి మనిషీ నా తలమీద చెయ్యి వేసి నాన్న గురించి ఒక కథ చెప్పేవాడు. అప్పుడు విసుగ్గా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ పది రోజుల పనే నన్ను నిలబెట్టింది. నీకు మేం ఏం ఇచ్చాం? మర్నాడు పొద్దున్నే ఇడ్లీ పెట్టి, సెలవులవగానే టెస్టులున్నాయిగా, పుస్తకం తియ్యి అన్నాం.

మీ నానమ్మ సంగతి నీకు తెలుసుగా. పెదనాన్న తోడల్లుడి తమ్ముడికి కూడా వరస కట్టేస్తుంది, మైల ఎన్నిరోజులో లెక్క చెప్పేస్తుంది. నువ్వూ ఆ అబ్బాయీ ఏమవుతారో చెప్పడానికి మాత్రం ఆవిడ దగ్గర కూడా మాట లేదు. దాంతో నీ ఏడుపుకి ఇంట్లో చోటు లేకుండా పోయింది. బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చేదానివి. ట్యాంకు ఖాళీ అయిపోతోందని మొదట్లో అమ్మ కేకలేసింది. సంగతి అర్థమయ్యాక తను వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని ఏడ్చింది. తరిగిన వంకాయలు నల్లబడేదాకా అలాగే కూర్చుంది.

దినం నాడు వాళ్ళింటికి నేను వెళ్ళాను. నీకు చెప్పలేదు. వాళ్ళ నాన్న మా డిపార్ట్‌మెంట్ కాదు, ఇంతకుముందు ముఖపరిచయం కూడా లేదు. అయినా ఒకే ప్లాంట్ కదా అని వెళ్ళాను, ఎవరూ ఏమీ అడగలేదు. ఎప్పుడూ మాట్లాడని మనిషినైన నాకు వరస దొరికింది, నీకు దొరకలేదు. భోజనాల దగ్గర కూర్చున్నాను గానీ ముద్ద దిగలేదు. అక్కడ వాళ్ళమ్మగారు నాతో ఒక మాట అన్నారు. అది చివర రాస్తాను. దానికన్నా ముందు నీతో మాట్లాడాల్సిందొకటుంది.

ఆ రోజు పొద్దున్న మీ ఇద్దరికీ ఏదో మాటామాటా వచ్చిందనీ, "సరే పో, నీ ఇష్టం" అని మెసేజ్ పెట్టావనీ మొన్న రాత్రి అమ్మతో చెప్పావట. ఆ మెసేజ్ పెట్టకపోతే వెళ్ళేవాడు కాదని నీ లెక్క. అమ్మ ఈ సంగతి చెప్పిన దగ్గర్నుంచి నాకు స్థిమితం లేదు. పోయిన వారం ఆఫ్ రోజున స్కూటర్ వేసుకుని అప్పికొండ వెళ్ళాను. సోమేశ్వరస్వామికి దణ్ణం పెట్టుకుని ఇసుకలోకి దిగాను. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన కనిపిస్తే అడిగాను, పిల్లలు ఎక్కడ దిగుతుంటారని. ఆయన చెయ్యి చాపి చూపించాడు. అటూ ఇటూ కెరటాలు తెల్లగా విరిగి పడుతున్నాయి. మధ్యలో ఒక పదిహేను ఇరవై అడుగుల మేర నురగే లేదు, మన కణితి చెరువులాగా నిదానంగా ఉంది. నేనైనా స్నానానికి అక్కడే దిగేవాణ్ణి అమ్మలూ.

"బాబూ, కెరటం ఇరగని చోటే భయం" అన్నాడాయన. ఇసుకలో ఎండిపోయిన కొబ్బరిబొండం ఒకటి తీసి అక్కడికి విసిరాడు. అది కాసేపు ఉన్నచోటే ఊగింది. తరవాత ఒడ్డుకి వస్తుందని నేను చూస్తుంటే, లోపలికి బయల్దేరింది. ఎవరో దారం కట్టి లాగుతున్నట్టే, నేను గట్టిగా నడిచేంత వేగంతో. నిమిషం కూడా పట్టలేదు, చిన్న నల్లచుక్క అయిపోయింది.

దాన్ని రిప్ కరెంట్ అంటారు. కెరటాలు ఒడ్డుకి తోసిన నీళ్ళన్నీ వెనక్కి పోవాలి కదా. నీళ్ళ కింద ఇసుక దిబ్బల మధ్య లోతైన చోటు చూసుకుని, అక్కణ్ణుంచి ఏరులాగా లోపలికి పరిగెడతాయి. లోతుండబట్టే అక్కడ కెరటం విరగదు, చూసేవాళ్ళకి ప్రశాంతంగా కనిపిస్తుంది. అది మనిషిని అడుక్కి లాగదు, ఒడ్డుకి దూరంగా లాక్కుపోతుంది. భయపడి ఒడ్డుకేసి ఎదురీదితే ఎంత ఈతగాడైనా అలిసిపోతాడు. కంగారుపడకుండా, ఒడ్డు వెంబడే పక్కకి ఈదుకుంటూ ఆ పాయ దాటితే తిరిగి రావచ్చు. విశాఖలో ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ఎక్కడైనా ఇంతే. ముప్పై ఏళ్ళుగా ఈ సముద్రం పక్కన బతుకుతున్నాను, నాకే ఇది ఇప్పుడు తెలిసింది. పిల్లలకి "లోతుకి వెళ్ళకండి" అన్నాం గానీ, ఎక్కడ దిగకూడదో ఏ ఒక్క పెద్దవాళ్ళమూ చూపించలేదు.

ఆ అబ్బాయి నీ మీద అలిగి వెళ్ళలేదు తల్లీ. సెలవురోజు స్నేహితులు పిలిచారు, వెళ్ళాడు. చూడ్డానికి మంచిగా ఉన్నచోట దిగాడు. నువ్వు "జాగ్రత్త" అని మెసేజ్ పెట్టినా అక్కడే దిగేవాడు. దీన్ని నువ్వు ఒక్కసారి చదివి నమ్మలేవని నాకు తెలుసు. నమ్మేదాకా ఎన్నిసార్లయినా చెప్తాను.

చిన్నవయసు కదా, నాలుగు రోజులు పోతే అదే మర్చిపోతుందని మీ పిన్ని ఓదార్చబోయింది, గుర్తుందా? మంచి మనసుతోనే అంది. నాకు మాత్రం అది వినబుద్ధి కాలేదు. మర్చిపోవడానికేనా నువ్వింత ఏడుస్తున్నది?

హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న. నీకు ఆరేళ్ళు. మంచం కింద దుప్పటి పరిచి ముగ్గురం ముడుచుకుని పడుకున్నాం. "నాన్నా, గాలి ఎప్పుడు ఆగుతుంది?" అని నా చెవిలో అడిగావు. ఇంకో అరగంట అని చెప్పాను. నాకేం తెలుసని? మధ్యలో గాలి ఆగితే అయిపోయిందనుకుని తలుపు తీశాం, రెండోవైపు నుంచి మళ్ళీ మొదలైంది. మొన్న ఆదివారం టీవీ చూస్తూ నువ్వు పెద్దగా నవ్వావు. వెంటనే తప్పుచేసినదానిలా మా వైపు చూశావు. ఆ రాత్రంతా నీ గదిలో లైటు వెలుగుతూనే ఉంది. నవ్వొస్తే నవ్వు అమ్మలూ. మళ్ళీ ఏడుపొస్తే ఏడువు, కుళాయి తిప్పకుండా హాల్లోనే కూర్చుని ఏడువు. ఈసారి అరగంట అని చెప్పను. పక్కన ఉంటాను.

నిద్రపోవడంలేదు, తినడంలేదు, దీనికి మాత్రం నేను ఊరుకోను. మాతో చెప్పలేనిది ఉంటే 14416కి ఫోన్ చెయ్యి. టెలి మానస్ అని ప్రభుత్వానిది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రయినా ఎత్తుతారు. ఫ్రిజ్ మీద కూడా రాసిపెట్టాను. డాక్టర్ దగ్గరికి వెళ్దామన్నా చెప్పు, లీవు పెడతాను.

ఇప్పుడు నీ బోటనీ రికార్డు సంగతి. డైనింగ్ టేబుల్ మీద వదిలేస్తే చూశాను. ఉమ్మెత్త పువ్వు నిలువుకోత ఉన్న పేజీ దగ్గర ఆగిపోయాను. నీ గీత నాకు తెలుసు. పెన్సిల్ నొక్కి గీస్తావు, వెనక పేజీకి అచ్చు దిగుతుంది. ఈ పువ్వు మీద వేలితో తడిమితే ఏమీ తగల్లేదు. అంత తేలిగ్గా, కేసరాల కాడలు ఒక్కొక్కటీ వెంట్రుకంత సన్నగా ఉన్నాయి. పక్కన భాగాల పేర్లు మాత్రం నీ దస్తూరీ. పేజీ అడుగున మూలకి ఒక చీమ. రబ్బరుతో చెరపబోయి ఎవరో సగంలో మానేసినట్టున్నారు. తరవాతి పేజీలో హెడ్డింగ్ రాసి ఖాళీగా వదిలేశావు.

వాళ్ళమ్మగారు ఆ రోజు అన్న మాట ఇదే. "రాత్రిపూట కూర్చుని పువ్వులు గీసేవాడు అన్నయ్యగారూ. నీ రికార్డు అయిపోయిందిగా అంటే, నాది కాదమ్మా అనేవాడు. మీ అమ్మాయిదేనా?" అవునన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "అమ్మాయిని ఒకసారి తీసుకురండి, ఆ పుస్తకం కూడా" అన్నారు. ఇన్నాళ్ళూ నీకు చెప్పకుండా దాచాను. పరీక్షలు వంక. అసలు సంగతి, నువ్వు తట్టుకోలేవేమోనని.

ఆ అబ్బాయి పేరు నేను ఈ కాగితం మీద రాయలేదు, చూశావా? ఆ రోజు నుంచి మనింట్లో ఎవరమూ ఆ పేరు పలకలేదు. మొదట నీ నోటితో వినాలని ఉంది. ఏం తినేవాడు, కూర్మన్నపాలెం బస్టాప్‌లో నీకోసం ఎంతసేపు ఎదురుచూసేవాడు, ఇవన్నీ చెప్పు. నేనూ అమ్మా వింటాం.

ఈ ఆదివారం నాకు వీక్లీ ఆఫ్. నీకు వెళ్ళాలనిపిస్తే పొద్దున్నే బయల్దేరదాం. ఇప్పుడే వద్దనుకుంటే ఆవిడకి నేను చెప్పుకుంటాను, ఏమీ అనుకోరు. ప్రాక్టికల్స్‌కి ఇస్తే రికార్డు మళ్ళీ మన చేతికొస్తుందో రాదో, కాబట్టి అందులో అతను గీసిన పేజీలన్నీ ముందే కలర్ జిరాక్స్ తీయిద్దాం. రెండు సెట్లు, నీకొకటి, వాళ్ళమ్మగారికొకటి. అంచులు పోకుండా తియ్యమని షాపతనికి చెప్పాలి, లేకపోతే చీమ పడదు.

నాన్న