మీ కాగితాలు మా దగ్గర ఎందుకున్నాయి?

పోయిన నెల ఒక సాయంత్రం మా షాపు ఎదురుగా ఉండే బండి దగ్గర మిరపకాయ బజ్జీలు కట్టించుకున్నాను. ఇంటికెళ్ళి పొట్లం విప్పితే నూనె మరకల మధ్య ఓ ఆవిడ ఫొటో, దాని కింద పన్నెండంకెల ఆధార్ నంబరు. మరీ నల్లగా వచ్చిందని నేనే పక్కన పడేసిన కాపీ అది. చిత్తుకాగితాలు బండి అబ్బాయికి ఊరికే ఇచ్చేవాళ్ళం, వాడు అప్పుడప్పుడు రెండు బజ్జీలు ఎక్కువ వేసేవాడు. ఎన్నేళ్ళుగా ఇస్తున్నామో లెక్కేసుకుంటే ఇక ముద్ద దిగలేదు.

ఆవిడకి మర్నాడే ఫోన్ చేసి చెప్పాను. తిట్టారు. తెనాలిలో మా జిరాక్స్, నెట్ సెంటర్‌కి వచ్చే మిగతా అందరికీ కూడా తిట్టే అవకాశం ఉండాలని ఇది రాస్తున్నాను.

ఆ ఆదివారం షట్టర్ సగం దించి నేనూ మా తమ్ముడూ కంప్యూటర్ల ముందు కూర్చున్నాం. డౌన్‌లోడ్స్ నిండా మీరు వాట్సాప్‌లో పంపినవే: ఆధార్లు, పాన్ కార్డులు, బ్యాంకు పాసుపుస్తకాలు, రక్తపరీక్ష రిపోర్టులు, పొలం దస్తావేజులు. 2019 నుంచీ ఉన్నాయి. బద్ధకం కొంత. "మొన్న పంపింది మీ దగ్గరే ఉంటుందిగా, అదే తియ్యండి" అని మీలో సగం మంది అంటారు, తీసిస్తే గిరాకీ త్వరగా తెములుతుంది. అదే మంచి సర్వీసనుకున్నాను.

ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో పేరులోని మొదటి నాలుగు, ఆ వెంటనే పుట్టిన సంవత్సరం, అంతే. పక్క ఫైల్లో మీ టెన్త్ మార్కుల మెమో ఉంటే రెండూ అందులోనే దొరుకుతాయి.

దస్తావేజుల సంగతి ఇంకా భయపెట్టింది. 2018లో తెలంగాణలో, పెద్దపల్లి జిల్లాలో, సిమ్ కార్డులమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలకు నకళ్ళు తయారుచేసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేసి పోలీసులకు దొరికాడు. అలాంటి కాగితాలు రోజూ మా గాజు మీద పరుచుకుంటాయి.

ఇంకో రెండు తప్పులు కూడా చెప్పేస్తాను. ఫోను లేని పెద్దవాళ్ళ దరఖాస్తుల్లో నా నంబరే వేసేవాణ్ణి. సాయం అనే వేశాను, ఇప్పటికీ ఎవరెవరివో ఓటీపీలు నా ఫోనుకొస్తున్నాయి. ఇక ఎంసెట్ వెబ్ ఆప్షన్ల సీజన్లో పిల్లల లాగిన్, పాస్‌వర్డులు లాంగ్ నోట్‌బుక్‌లో రాసి కౌంటరు మీదే వదిలేసేవాణ్ణి. ఎవడైనా ఒక పేజీ ఫొటో తీసుకుంటే ఒక పిల్ల సీటు గల్లంతే. ఆ పుస్తకం కాల్చేశాను.

దిద్దుకోలేనిది ఒకటుంది. పెద్ద జిరాక్స్ మిషన్లలో హార్డ్‌డిస్క్ ఉంటుంది, కాపీ తీసినవి అందులో మిగిలిపోవచ్చు. 2021లో మా పాత మిషన్ అమ్మేటప్పుడు దాన్ని తుడిచెయ్యాలని నాకు తెలీదు. కొన్నవాళ్ళు వేరేవాళ్ళకి అమ్మేశారట. అంతకు మించి ఆచూకీ దొరకలేదు.

ఇప్పుడు పద్ధతి మార్చాం. ప్రింట్ అవ్వగానే ఫైలు, వాట్సాప్‌లోదీ రీసైకిల్ బిన్‌లోదీ కూడా, మీరు చూస్తుండగానే చెరిపేస్తాం. స్క్రీన్ మీవైపు తిప్పి పెట్టాం. పాడైన కాపీలు ముక్కలు చేసే మిషన్ కొన్నాం (ఆ ముక్కలు గాజుల కొట్టాయన ప్యాకింగ్‌కి పట్టుకెళ్తున్నాడు). నా నంబరు ఇక ఎవరి ఫారంలోనూ వెయ్యను. ఇంతకుముందు వేసినవాళ్ళు మీ పిల్లల ఫోను తీసుకుని రండి, మార్చుకునే వీలున్నవన్నీ ఊరికే మార్చిపెడతాను.

లాడ్జికో, ఇంటి ఓనరుకో ఇవ్వడానికైతే మాస్క్‌డ్ ఆధార్ అడగండి, అందులో చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. ఆధార్ వేలిముద్రలు లాక్ కూడా చేసుకోవచ్చు. అయితే రేషన్ బియ్యానికి వేలు పెట్టేవాళ్ళు ఆ రోజు మళ్ళీ తెరుచుకోవాలి, లేకపోతే క్యూలో నిలబడి వెనక్కి రావాల్సి వస్తుంది.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పెద్ద కంపెనీల గొడవే అనుకున్నాను. జరిమానా 250 కోట్ల దాకా అంటే నాలాంటివాడికేం సంబంధం అనిపిస్తుంది మరి. పని అయిపోయాక సమాచారం చెరిపెయ్యాలన్న మాట మా కౌంటరుకీ వర్తిస్తుందని ఓ లాయరుగారు, మా గిరాకీయే, విడమరిచి చెప్పారు.

దీనివల్ల పొద్దున రద్దీలో ఆలస్యమవుతోంది. ప్రతిసారీ కాగితం తెమ్మంటున్నామని ఇద్దరు పాత గిరాకీలు పక్కవీధి షాపుకి మళ్ళారు. వాళ్ళ ఫైళ్ళు కూడా చెరిపేస్తాం.

పాతవన్నీ వచ్చే ఆదివారం తీసేస్తున్నాం. అసలు కాగితం పోయి, కాపీ మా దగ్గర మాత్రమే ఉందనుకునేవాళ్ళు శనివారం రాత్రి తొమ్మిదిలోపు పెన్‌డ్రైవ్‌తో రండి.