బ్రిండమోర్ వ్యాసానికి సాయం చేసిన వాళ్ళందరికీ

రాడ్ బ్రిండమోర్ గురించి రాస్తానన్న పెద్ద వ్యాసం పూర్తయింది. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇరవై సీజన్ల ఆట, తరువాత ఏడు సీజన్లు అసిస్టెంట్ కోచ్‌గా, 2018 నుంచి హెడ్ కోచ్‌గా సాగిన జీవితం ఆయనది. ఐస్ హాకీ అంతగా చూడని తెలుగు పాఠకులకు అదంతా అర్థమయ్యేలా చెప్పడం నా ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. సాయం కావాలని అడగ్గానే ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. పేర్లు రాయొద్దని మీలో చాలామంది అన్నారు కాబట్టి రాయడం లేదు. కానీ ఎవరు ఏం చేశారో చెప్పకుండా ఉండలేను.

ముందుగా ఆయన జట్టు కరోలినా హరికేన్స్ ఆటలను ఏళ్ల తరబడి చూస్తున్న అక్కకి నమస్కారాలు. అంకెలు నాకు ముందే దొరికాయి: 1,484 మ్యాచ్‌లు, 452 గోల్స్, 732 అసిస్ట్‌లు (తోటివాళ్ళ గోల్‌కి అందించిన పాస్‌లు). అక్క వాటి జోలికే పోలేదు. ఏ పాత మ్యాచ్‌లు చూడాలో, ఒక్కోదాంట్లో ఏ నిమిషం నుంచి చూడాలో రాసి పంపింది. "పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ళ) వెంట కళ్ళు తిప్పకు, పదిహేడో నంబర్ ఎక్కడ నిలబడ్డాడో చూడు" అంది. ఆ నంబర్ బ్రిండమోర్‌ది. ఆ ఒక్క మాటతో నా వ్యాసానికి దారి దొరికింది. అలా చూస్తే, పక్ తన దగ్గర లేనప్పుడు ఆయన ఎంత పని చేసేవారో తెలుస్తుంది. గోల్ ముందు ప్రత్యర్థిని అడ్డుకుని నిలబడటం, తోటి డిఫెన్స్‌మన్ ముందుకెళ్తే ఆ ఖాళీలోకి తను వెనక్కి రావడం, షిఫ్ట్ (ఒక విడత ఆట) అయిపోగానే ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా బెంచ్‌కి చేరడం. టీవీలో వచ్చే హైలైట్స్‌లో ఇవేవీ కనిపించవు. డిఫెన్స్ పని బాగా చేసే ఫార్వర్డ్‌కి (దాడి చేసే ఆటగాడికి) ఇచ్చే సెల్కీ ట్రోఫీ 2006లో, 2007లో వరుసగా ఆయనకే ఎందుకు వచ్చిందో చెప్పాలంటే మాత్రం ఇవే చెప్పాలి.

ఫేసాఫ్ గురించి నేను అడిగిన ప్రశ్నలకి ఓపిగ్గా జవాబులిచ్చిన అన్నయ్యకి ఎన్ని థాంక్స్ చెప్పినా తక్కువే. పిల్లలకి ఐస్ హాకీ నేర్పించే మనిషి కాబట్టి ఆయన వివరణలో తడబాటు ఉండదు. ఆట ఆగిన ప్రతిసారీ ఇద్దరు సెంటర్లు (మధ్యలో ఆడే ఫార్వర్డ్‌లు) ఎదురెదురుగా వంగి నిలబడతారు, మధ్యలో పక్ వదులుతారు, దాన్ని గెలిచిన జట్టు చేతిలోకి ఆట వెళ్తుంది. ఇంతవరకూ ఎవరైనా చెబుతారు. ఆయన మాత్రం 2005-06 సీజన్‌లో వచ్చిన ఒక నియమాన్ని గుర్తు చేశారు. ఒత్తిడి తట్టుకోలేక పక్‌ని అవతలి చివరికి కొట్టేసి ఐసింగ్ చేసిన జట్టు, ఆ ఫేసాఫ్‌కి ఆటగాళ్లను మార్చుకోవడానికి వీల్లేదు. అంటే అలసిపోయి కాళ్ళు ఆడని ఐదుగురే తమ గోల్ దగ్గర మళ్ళీ నిలబడాలి. ఎదురుగా తాజాగా బెంచ్ మీద నుంచి దిగినవాళ్ళు ఉంటారు. అలాంటి సమయంలో పక్ గెలిచే సెంటర్ ఉంటే జట్టు మొత్తానికి ఊపిరి ఆడుతుంది. బ్రిండమోర్ లీగ్‌లోని మేటి ఫేసాఫ్ ఆటగాళ్లలో ఒకరు. కరోలినా తన మొదటి స్టాన్లీ కప్ (లీగ్ ఛాంపియన్‌కి ఇచ్చే కప్పు) గెలిచింది కూడా ఆ సీజన్‌లోనే, ఆయన కెప్టెన్సీలో.

ఆ 2006 కప్ ఫైనల్ మొదటి మ్యాచ్ గురించి అక్క పంపిన నోట్ చదివి, ఆ రోజు పని మానేసి పూర్తి వీడియో చూశాను. ఎడ్మంటన్ ఆయిలర్స్ మీద 0-3తో వెనకబడ్డారు. చివరికి 5-4తో గెలిచారు. గెలిపించిన గోల్ బ్రిండమోర్‌ది, మూడో పీరియడ్‌లో అర నిమిషం మిగిలి ఉండగా. గోల్‌కీపర్ వెనక పక్ విషయంలో ఆయిలర్స్ తడబడితే, ఖాళీగా ఉన్న గోల్ ముందుకి ఆయన అప్పటికే చేరుకున్నారు. ఫైనల్‌లో చివరిదైన ఏడో మ్యాచ్ జూన్ 19న జరిగింది, కరోలినా 3-1తో గెలిచింది.

ఇక ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఆ అన్నయ్య పుణ్యమే. ఆటగాడి బుర్ర కోచ్ బుర్రగా ఎక్కడ మారుతుందని నేను అడిగితే, 'చివరి మార్పు' హక్కు గురించి చెప్పారు. ఆట ఆగినప్పుడు బయటి నుంచి వచ్చిన జట్టు ముందుగా తన ఆటగాళ్లను దింపాలి. వాళ్ళెవరో చూశాక సొంత రింక్ (మంచు మైదానం) జట్టు తన వాళ్ళను దింపుతుంది. బ్యాట్స్‌మన్ ఎవరో చూసి కెప్టెన్ బౌలర్‌ని ఎంచుకోవడం లాంటిదే ఇది, కాకపోతే మ్యాచ్‌లో మళ్ళీ మళ్ళీ వస్తుంది. బ్రిండమోర్ ఆడే రోజుల్లో అవతలి జట్టు మేటి లైన్ (కలిసి ఆడే ముగ్గురు ఫార్వర్డ్‌లు) దిగగానే కోచ్ పంపేది ఆయననే. ఎవరి మీద ఎవరిని దింపితే ఏం జరుగుతుందో ఆయన ఏళ్ల తరబడి తన ఒంటితో తెలుసుకున్నారు. ఇప్పుడు బెంచ్ వెనక నిలబడి ఆ ఎంపిక తనే చేస్తున్నారు. ఈ సంగతి విన్నాక మొదట రాసుకున్నదంతా పక్కన పెట్టి, వ్యాసాన్ని దీని చుట్టూ అల్లాను.

గొప్ప ఆటగాడు గొప్ప కోచ్ అవుతాడా అన్న దగ్గర మీ మధ్య గట్టి వాదనే నడిచింది. ఆ వాదనకీ నేను రుణపడి ఉన్నాను. వేన్ గ్రెట్స్కీ నాలుగు సీజన్లు ఫీనిక్స్ జట్టుకి కోచ్‌గా ఉన్నా ఒక్కసారీ ప్లేఆఫ్స్‌కి (కప్ కోసం జరిగే నాకౌట్ దశకి) చేర్చలేకపోయారని ఒకరు, ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడని స్కాటీ బౌమన్ కోచ్‌గా తొమ్మిది కప్పులు గెలిచారని ఇంకొకరు అన్నారు. ఆటగాడిగానూ కప్పులు గెలిచి, తరువాత మాంట్రియల్ కోచ్‌గా ఎనిమిది కప్పులు తెచ్చిన టో బ్లేక్‌ని మరొకరు ముందుకు తెచ్చారు. నా మటుకు నాకు, పేరు కన్నా చేసిన పని ముఖ్యమనిపించింది. అసాధారణమైన ప్రతిభని ఇంకొకరికి నేర్పడం కష్టం. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు వెనక్కి రావాలి అన్నవి నేర్పొచ్చు. బ్రిండమోర్ బతికింది రెండో రకం పని మీద.

అసిస్టెంట్‌గా ఉన్న ఏడు సీజన్ల గురించి సమాచారం పెద్దగా దొరకదు. 2010లో ఆట మానేశారు, 2011 ఫిబ్రవరిలో ఆయన నంబర్‌ని ఇంకెవరికీ ఇవ్వకుండా జట్టు రిటైర్ చేసింది, ఆ ఏడాదే అసిస్టెంట్ అయ్యారు. జెర్సీని రింక్ పైకప్పుకి వేలాడదీసిన జట్టులోనే, పాల్ మోరిస్, కర్క్ మల్లర్, బిల్ పీటర్స్ అనే ముగ్గురు హెడ్ కోచ్‌ల కింద రెండో వరసలో పనిచేశారు. ఆ ఏడు సీజన్లలో జట్టుకి ఒక్కసారీ ప్లేఆఫ్స్ రాలేదు. ఈ భాగం కోసం పాత ఇంటర్వ్యూలు వెతికి, వరస ప్రకారం పేర్చి ఇచ్చిన తమ్ముడికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. నువ్వు లేకపోతే ఆ సంవత్సరాలు నా వ్యాసంలో రెండు వాక్యాల్లో ముగిసిపోయేవి.

2018 మేలో హెడ్ కోచ్ అయ్యాక తొలి సీజన్‌లోనే, దశాబ్దం నాటి కరువు తీరి జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది. మొదటి రౌండ్‌లో అప్పటి ఛాంపియన్ వాషింగ్టన్‌ని ఏడో మ్యాచ్ రెండో ఓవర్‌టైమ్‌లో (అదనపు సమయంలో) ఓడించింది. అప్పుడు కెప్టెన్ జస్టిన్ విలియమ్స్. 2006 ఫైనల్ ఏడో మ్యాచ్‌లో ఆఖరి గోల్ కొట్టినది అతనే, అప్పుడు అతని కెప్టెన్ బ్రిండమోర్. ఈ లింకు చూపించింది కూడా అక్కే. 2021లో ఉత్తమ కోచ్‌కి ఇచ్చే జాక్ ఆడమ్స్ అవార్డు బ్రిండమోర్‌కి వచ్చింది.

చివరిగా, హాకీ ఎప్పుడూ చూడని పాఠకురాలిగా నా చిత్తుప్రతి చదివి, అర్థం కాని ప్రతి చోటా ప్రశ్న గుర్తు పెట్టిన అమ్మాయికి చాలా చాలా థాంక్స్. లైన్ అంటే ముగ్గురు ఫార్వర్డ్‌లని, ఒక షిఫ్ట్ ముప్పావు నిమిషం దాటితే కాళ్ళు బరువెక్కుతాయని, ఆట నడుస్తుండగానే ఆటగాళ్లు మారతారని నేను ఎక్కడా చెప్పలేదు. ఇప్పుడు అవన్నీ మొదటి పేజీలోనే ఉన్నాయి.

తరువాత టో బ్లేక్ గురించి రాయాలని ఉంది. 1956 నుంచి 1960 వరకు వరుసగా ఐదు కప్పులు గెలిచిన జట్టు కాబట్టి ప్రశ్నలు బోలెడు ఉంటాయి. అక్కా, అన్నయ్యా, మళ్ళీ మీకే మెసేజ్ చేస్తాను.